పసుపు గుంటగలగర: చెరువు గట్టున నాటే పద్ధతి

గుంటగలగర అనగానే తెల్లపూలదే గుర్తొస్తుంది. పసుపుపూలది వేరే మొక్క: స్ఫాగ్నెటికోలా కేలెండ్యులేసియా, పాత పేరు వెడీలియా చైనెన్సిస్. అదీ చామంతి కుటుంబమే. కాలువ గట్లూ, వరిచేల అంచులూ, చెమ్మ ఆరని పల్లపు నేలలూ దానికి ఇష్టం.

తీగ తెచ్చే ముందు ఆకు చూడండి. నర్సరీల్లో వెడీలియా పేరుతో దొరికేది చాలాసార్లు ఉష్ణమండల అమెరికా నుంచి వచ్చిన దాని దగ్గరి చుట్టం, స్ఫాగ్నెటికోలా ట్రైలోబాటా. ట్రైలోబాటా ఆకు మందంగా, నిగనిగలాడుతూ, అటూ ఇటూ ఒక్కో తమ్మెతో (పక్కకు పొడుచుకొచ్చిన భాగంతో) ఉంటుంది. మనకు కావలసినదానికి తమ్మెలుండవు. ఆకు సన్నగా 3–7 సెం.మీ. పొడవు, ఒక సెంటీమీటరు అటూ ఇటూ వెడల్పు, తాకితే గరుకు. ఒక్క ఆకు చూసి తేల్చేయకండి. ట్రైలోబాటాకూ తమ్మెల్లేని ఆకులు వస్తాయి, అందుకే తీగ పొడవునా పది ఆకులైనా చూడాలి. పువ్వు మీద ఆధారపడితే మోసపోతారు, రెండూ దాదాపు ఒకటే. ప్రపంచంలోని 100 అతి చెడ్డ దురాక్రమణ జాతుల జాబితాలో ట్రైలోబాటా ఉంది. తెగిన ముక్క నీళ్లలో కొట్టుకుపోయి, ఆగినచోట వేరు పోసుకుంటుంది.

వానలు మొదలయ్యాక నాటడం మేలు. లేత కొసల నుంచి మూడు నాలుగు కణుపులుండేలా 12–15 సెం.మీ. ముక్కలు కోయండి. అడుగు రెండు కణుపుల ఆకులు గిల్లేసి, ఆ కణుపులు మట్టిలో పూర్తిగా మునిగేలా ఏటవాలుగా గుచ్చండి. వేరు పుట్టేది కణుపు దగ్గరే. అది పైకి తేలితే ముక్క ఎండిపోతుంది. మధ్య ఎడం 30 సెం.మీ. చాలు, తర్వాత తీగే పాకి కప్పేస్తుంది.

ఎక్కువమంది తప్పేది చోటు దగ్గర. నీటిగడ్డి కాదిది, నీళ్లలోనే నాటితే కాండం నల్లబడి కుళ్లుతుంది. నీటి అంచుకు జానెడు పైన మట్టి తీసి పిడికిట్లో పిసకండి: ముద్ద కట్టాలి, వేళ్ల సందుల్లోంచి నీరు కారకూడదు. అదీ సరైన గీత.

నీడలో తీగ సాగుతుందే గానీ పూత పలచన. యూరియా వేసినా ఆకు పెరగడమే. ఎండ తగిలితే పొడవాటి కాడకు ఒక్కో పువ్వు, 2–2.5 సెం.మీ. వెడల్పు. భూతద్దం పెడితే అది ఒక్క పువ్వు కాదని తెలుస్తుంది: అంచు రేకు ఒక్కొక్కటీ ఒక ఆడపువ్వు, నడిమి చుక్కలన్నీ ద్విలింగ పుష్పాలు.

కత్తిరించిన తీగలు కాలువలోకి విసరకండి. ట్రైలోబాటా ఏమోనని అనుమానమున్న ముక్కల్ని గట్టినేల మీద పరిచి, కణుపులు పెళుసెక్కేదాకా ఎండబెట్టండి.