దుక్కి, నేల సత్తువ – నాలుగో పాఠం: గెట్టు మీది పెడ్డ, చెలకలోని పెడ్డ

పోయిన పాఠంలో రెండు మట్టిపెడ్డలు తెచ్చి నీడకు ఆరబెట్టమన్నాను. ఒకటి మీరు ఏటా దున్నే చెలకలోంచి, రెండోది దాన్ని ఆనుకుని ఉన్న గెట్టు మీది గడ్డిలోంచి. రెండూ నిమ్మకాయంత ఉంటే చాలు. తేనివాళ్లు ఇక్కడే ఆగి తెచ్చుకోండి. ఇది చదివితే వచ్చే విద్య కాదు, చేతికి మట్టి అంటాల్సిందే. పెడ్డ పూర్తిగా ఆరడానికి నాలుగైదు రోజులు పడుతుంది.

తెచ్చినవాళ్లు రెండు గాజు గ్లాసుల నిండా నీళ్లు పోయండి. చాయ్ వడపోసే జాలీని గ్లాసు మీద పెడితే దాని అడుగు నీళ్లలో మునగాలి. రెండు జాలీల్లోకి రెండు పెడ్డలనూ ఒకేసారి మెల్లగా దించి, ఐదు నిమిషాలు కదపకుండా చూడండి.

నాది వరంగల్ జిల్లా పర్వతగిరి వైపు రెండెకరాల ఎర్ర చెలక, ఏటా పత్తే. నా చెలక పెడ్డ నీళ్లలో పడగానే బుసబుసమని బుడగలు వదిలి, నిమిషం తిరగకముందే విడిపోయి జాలీలోంచి జారిపోయింది. గ్లాసు అడుగున ఎర్రటి బురద. గెట్టు పెడ్డ మాత్రం ఐదు నిమిషాల తర్వాత కూడా పెడ్డలాగే ఉంది, నీళ్లు కాస్త రంగు తిరిగాయంతే. రెండింటి మధ్య దూరం నాలుగడుగులు. అదే మట్టి, అదే ఎండ, అదే వాన. పైగా గెట్టుకు బండెడు పెంట వేసినవాడు మా ఊళ్లో ఎవడూ లేడు.

ఒక జాగ్రత్త. ఎర్ర మట్టిని ఎర్ర మట్టితోనే పోల్చండి. నల్లరేగడి తడిస్తే ఉబ్బుతుంది, ఆ ఉబ్బుకే కొంత పగులుతుంది. దాన్ని చెలక మట్టి పక్కన పెట్టి తీర్పు చెప్పకూడదు.

పెడ్డను పట్టి ఉంచేదేమిటి? ఇసుక, బంకమన్ను రేణువులను సన్నటి వేళ్లు, కంటికి ఆనని బూజు పోగులు, సూక్ష్మజీవులు వదిలే జిగురు, ఎర్రల విసర్జన కలిసి అతుకుతాయి. సేంద్రియ పదార్థం అని మనం అనేదాంట్లో ఇదంతా భాగమే. ఆ అతుకులో ఇంకో పని కూడా జరుగుతుంది. ఎప్పుడో రాలిన ఆకు ముక్క పెడ్డ నడిమధ్యలో ఇరుక్కుపోతే దానికి గాలి సరిగా ఆడదు, కుళ్లబెట్టే జీవులు దాన్ని చేరలేవు. అట్లా ఏళ్ల తరబడి దాగుతుంది. నాగలి పెడ్డను పగలగొట్టిందంటే ఆ దాపరికం పోయినట్టే.

ఇది మనకు తెలియని సంగతేం కాదు. పెంటకుప్పను ఎండాకాలంలో తిరగేస్తే తొందరగా మాగుతుంది, కుప్ప కూడా దిగిపోతుంది. దిగిపోయిన ఆ భాగంలో చాలా మటుకు బొగ్గుపులుసు వాయువై గాలిలో కలుస్తుంది. దున్నినప్పుడు ఎకరం మేర అదే జరుగుతుంది. తేడా ఏమిటంటే కుప్ప దిగడం కంటికి కనబడుతుంది, నేలది కనబడదు.

కనబడకపోగా మొదట్లో లాభంగా తోస్తుంది. ఎండిన నేల మీద తొలకరి పడి, ఆ తడిలో దున్నితే మొలక ముదురు పచ్చగా లేస్తుంది. దుక్కి కొద్దీ పంట అన్న సామెత అబద్ధం కాదు. కానీ ఆ పచ్చదనం ఎక్కడి నుంచి వచ్చింది? సేంద్రియ పదార్థం కరిగినప్పుడు అందులోని నత్రజని బయటికి వస్తుంది. అంటే నేల తన పాత నిల్వలోంచి పైరుకు యూరియా వేస్తున్నట్టు.

ఈ లెక్క ఒకసారి కాగితం మీద వేసి చూడండి, ఈ పాఠంలో నేర్వాల్సింది ముఖ్యంగా ఇదే. 45 కిలోల యూరియా బస్తాలో నత్రజని 46 శాతం, అంటే 20 కిలోల పైచిలుకు. నేలలోని సేంద్రియ పదార్థంలో పది పన్నెండు పాళ్ల కర్బనానికి ఒక పాలు నత్రజని ఉంటుంది. కాబట్టి నేల ఒక బస్తా యూరియాకు సరిపడా నత్రజని ఇవ్వాలంటే 200 కిలోలకు మించి కర్బనం కరగాలి. ఒక్క దుక్కితోనే అంతా పోతుందని కాదు, దున్నకపోయినా కొంత కరుగుతుంది, పైరుకు అది కావాలి కూడా. దుక్కి ఆ కరగడాన్ని తొందర చేస్తుంది.

ఇప్పుడు తిరిగి పెట్టడం చూద్దాం. ఎండు చొప్పలో కర్బనం సుమారు 40 శాతం. నేలలో కలిసిన ఏడాది రెండేళ్లలో దాంట్లో చాలా భాగం గాలికే పోతుంది, నిలిచేది నూటికి పది నుంచి ఇరవై పాళ్లు. పదిహేను అనుకుని 200 కిలోలు నింపాలంటే మూడు టన్నులు దాటిన ఎండు చొప్ప కావాలి. నేను మొదటిసారి ఈ లెక్క వేసినప్పుడు తప్పు చేశాననుకుని మూడుసార్లు వేశాను.

మట్టి పరీక్ష కార్డులో సేంద్రియ కర్బనం 0.5 శాతం లోపుంటే తక్కువ, 0.75 దాకా మధ్యస్థం, ఆపైన ఎక్కువ అని రాస్తారు. ఎకరంలో 15 సెంటీమీటర్ల లోతు మట్టి దాదాపు తొమ్మిది లక్షల కిలోలు తూగుతుంది. కార్డులో 0.4 అని ఉంటే మీ ఎకరంలో కర్బనం 3,600 కిలోలన్నమాట. సేంద్రియ పదార్థం ఎంతో కావాలంటే కర్బనాన్ని 1.724తో హెచ్చించండి.

ఇంత చెప్పాక దున్నుడే మానేద్దాం అనిపిస్తుంది. నాకూ అనిపించింది, ఒక వానాకాలం మానేశాను. పత్తికట్టె పీకి ఎప్పటిలాగే తగలబెట్టి, దున్నని నేలలో గుంతలు తీసి గింజలు పెట్టాను. ఎర్ర చెలక ఎండకు రాయిలా బిగుస్తుంది, వాన దెబ్బకు పైన పొర కడుతుంది. పెద్దవాన పడితే నీళ్లు లోపలికి దిగకుండా వాగు దారి పట్టాయి. పక్క చెలక పత్తి నడుము దాటితే నాది మోకాలు దాటలేదు. నాలుగు రోజులు ఆ దిక్కు పోలేదు.

తప్పు ఎక్కడంటే గెట్టును సగమే చూశాను. గెట్టును దున్నరు, నిజమే. కానీ గెట్టు ఏనాడూ బోడిగా ఉండదు. ఏడాది పొడవునా గడ్డి కప్పు, కింద వేళ్లు. నేను నాగలిని తీసేశాను, కప్పు మాత్రం వేయలేదు. హైదరాబాద్ దగ్గరి హయత్‌నగర్‌లో కేంద్ర మెట్ట వ్యవసాయ పరిశోధన సంస్థ (CRIDA) శాస్త్రవేత్తలు 1995 నుంచి ఎర్ర నేలలో జొన్న, ఆముదం మార్చి వేస్తూ ఏళ్ల తరబడి పరీక్షించారు. అక్కడా దుక్కి తగ్గించిన మడుల కన్నా మామూలుగా దున్నిన మడులే మెరుగైన దిగుబడి ఇచ్చాయి. గ్లైరిసిడియా అనే పచ్చిరొట్ట చెట్టు కొమ్మలు పరచడం మాత్రం నేలకు కలిసొచ్చింది. ఇది ముందే తెలిసి ఉంటే నాకు ఒక పంట మిగిలేది.

అందుకని నా చెలకలో ఇప్పుడు ఎండాకాలంలో ఒకే దుక్కి, వాలుకు అడ్డంగా. అది పత్తికాయను తొలిచే గులాబీ రంగు పురుగును చంపడం కోసం. నేలలోని దాని కోశాలు పైకి తేలితే ఎండకు చస్తాయి, కొంగలు తింటాయి. పెడ్డలు పెడ్డలుగానే వదిలేస్తాను, మెత్తగా చేయించను. విచ్చని కాయలన్నీ ఏరేసి, పత్తికట్టెను ముక్కలు చేయించి నేలకే వదులుతున్నాను. రోటవేటర్ మీద మాత్రం నాకు కోపం తగ్గలేదు. మట్టిని పిండి చేస్తుంది, మొదటి వానకే అది పొర కడుతుంది, కింద జానెడు లోతు లోపలే గట్టి పలక తయారవుతుంది. చూడటానికి మాత్రం చెలక అద్దంలా ఉంటుంది, ఆ అందానికే పడిపోతాం.

వరి మడి సంగతి అడుగుతారని తెలుసు. కరిగెట చేసినప్పుడు, అంటే నీళ్లు పెట్టి బురదగా దున్నినప్పుడు, పెడ్డ అన్నదే మిగలదు, అయినా కాలువ కింది మడుల్లో కర్బనం చాలాసార్లు చెలక కన్నా ఎక్కువే ఉంటుంది. నీళ్లు నిలిస్తే గాలి అందదు, కుళ్లడం మందగిస్తుంది, అందుకు. యాసంగి కోత కాగానే కొయ్యకాళ్లకు అగ్గిపెడితే ఆ లాభం పోతుంది, గడ్డిలోని నత్రజనిలో చాలా భాగం పొగలో కలుస్తుంది. వరి కోసిన మడిలో దున్నకుండా మక్క పెట్టడం గురించి ఒక పూర్తి పాఠమే కావాలి, అది ఆరోది.

వచ్చే పాఠానికి పని ఇది. ఎకరంలో ఎనిమిది పది చోట్ల, చెట్ల కింద, గెట్ల దగ్గర, పెంటకుప్పలు పోసిన చోట కాకుండా, 15 సెంటీమీటర్ల లోతున వి ఆకారంలో గుంత తీయండి. గుంత గోడ నుంచి మట్టి గీసేటప్పుడు పై 5 సెంటీమీటర్లది ఒక బకెట్లో, కిందిది ఇంకో బకెట్లో వేయండి. దుక్కి తగ్గించిన నేలలో కర్బనం పై పొరలో పెరిగి కింద పెరగకపోవచ్చు, తగ్గనూవచ్చు. రెండూ కలిపేస్తే మీకు ఏదీ తెలియదు. ఒక్కో బకెట్లోది బాగా కలిపి, నాలుగు భాగాలు చేసి ఎదురెదురు రెండు తీసేస్తూ అర కిలోకు తెచ్చి, నీడకు ఆరబెట్టి గుడ్డ సంచిలో కట్టండి. సంచి మీద పొర పేరు, తారీఖు, ఈ ఏడు ఎన్నిసార్లు ఏ పనిముట్టుతో దున్నారో రాయడం మరవద్దు. యూరియా బస్తా సంచిలో మాత్రం మట్టి పోయకండి, పోయిన బ్యాచ్‌లో ఇద్దరు పోశారు.