పాత మారుతి 800 కొన్నారా? స్టీరియో ఆఖరున పెట్టండి

మొదటి కారు చేతికి రాగానే అందరి కన్నూ స్టీరియో మీదే పడుతుంది. కాస్త ఆగండి. నాది 1997 మోడల్ తెల్ల మారుతి 800, ఏపీ 24 నంబరు, కార్బురేటర్ బండి. మిర్యాలగూడలో ఒక రిటైర్డు సారు దగ్గర కొన్నాను. 796 సీసీ, మూడు సిలిండర్లు, నాలుగు గేర్లు. దాని మీద పెట్టిన డబ్బులో ఎక్కువ కంటికి కనిపించని చోట్లకే పోయింది. అందుకే ఇన్నేళ్లయినా దాని పేరెత్తితే నవ్వొస్తుంది.

మొదట రేడియేటర్. మన నల్గొండ బోరు నీళ్లు కాచిన గిన్నె అడుగున తెల్ల పొర చూసే ఉంటారు. అవే నీళ్లు రేడియేటర్‌లో పోస్తే సన్న గొట్టాల నిండా ఆ పొరే. మే నెల ఎండలో నార్కట్‌పల్లి చేరేలోపు ఇంజను వేడి చూపే ముల్లు పైకెక్కుతుంది. ఇంజను పూర్తిగా చల్లారాక మూత తీసి పాత నీళ్లు వదిలేయండి. కూలెంట్, డిస్టిల్డ్ వాటర్ సగం సగం పోయండి. ఫ్యాన్ తిరుగుతోందో లేదో చూసుకోండి.

తర్వాత లైట్లు. దేవరకొండ రోడ్డు మీద రాత్రి పూట వెనక లైటు లేని ట్రాక్టరు, వానాకాలం కోతలప్పుడు రోడ్డుకు సగం దాకా ఆరబోసిన వడ్లు, వాటి చుట్టూ పెట్టిన రాళ్లు... పాత 800 దీపాలకు ఇవేవీ దగ్గరికొచ్చేదాకా కనిపించవు. బల్బులు మార్చమంటే మెకానిక్ అన్న నవ్వాడు. "బల్బులకేమైంది తమ్మీ, కరెంటే సక్కగ వస్తలేదు."

బ్యాటరీ నుంచి కరెంటు స్విచ్ దాకా పోయి, పాత సన్న తీగల్లో మళ్లీ ముందుకు రావాలి. దారిలోనే వోల్టేజీ పడిపోతుంది. ఇంజను నడుస్తుండగా, లైట్లు వేసి మల్టీమీటర్‌తో బ్యాటరీ దగ్గర, బల్బు దగ్గర కొలవండి. తేడా ఒక వోల్టు దాటితే రిలేలు పెట్టాల్సిందే. రిలే అంటే చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపే స్విచ్, దాని కాళ్ల మీద 30, 87, 85, 86 అని నంబర్లుంటాయి. హైకి ఒకటి, డిమ్‌కి ఒకటి, డయోడ్ లేనివి. బ్యాటరీ ప్లస్ నుంచి 2.5 ఎంఎం తీగ, బ్యాటరీ పక్కనే 15 ఆంపియర్ల ఫ్యూజు, అక్కడి నుంచి రిలే 30కి. హై రిలే 87 నుంచి రెండు బల్బుల హై కాలుకు, డిమ్ రిలే 87 నుంచి డిమ్ కాలుకు. హైకీ డిమ్‌కీ కలిపి ఉండే బల్బు ఉమ్మడి కాలును రంగు గీకిన బాడీ ఇనుముకు బిగించండి, ఎర్త్ కుదరకపోతే ఈ కష్టమంతా వృథా. ఒక పక్క పాత హోల్డరుకు వచ్చే తీగల్లో ఉమ్మడి తీగ రెండు రిలేల 85కి, హై తీగ ఒకదాని 86కి, డిమ్ తీగ రెండోదాని 86కి. కొన్ని బండ్లలో స్విచ్ ఎర్త్ వైపు ఉంటుంది, ఇలా కలిపితే ఎటున్నా పని చేస్తుంది.

బల్బులు 60/55 వాట్లవే ఉంచండి. 100/90 వేస్తే హోల్డరు కరుగుతుంది, ఎదురొచ్చే ఆర్టీసీ డ్రైవరు మన తాతముత్తాతలందరినీ తలుచుకుంటాడు.

టైర్ల దగ్గర పెద్ద గొడవ లేదు. 145/70 ఆర్12 బదులు 155/65 ఆర్13 వేస్తే చక్రం దాదాపు 5 శాతం పెద్దదవుతుంది, మీటరు 60 చూపినప్పుడు బండి 63 దగ్గర ఉంటుంది. స్టీరింగ్ పూర్తిగా తిప్పి లోపల తగలడం లేదని చూసుకున్నాకే డబ్బులివ్వండి. నా వరకైతే 12 అంగుళాలదే ముద్దు.

అద్దాల నల్ల ఫిల్ములను 2012లోనే సుప్రీంకోర్టు వద్దంది, ఇంకా ఉంటే పీకేయండి. రంగు మారిస్తే ఆర్సీలోనూ మార్పించాలి. 15 ఏళ్లు దాటిన బండిని రిజిస్ట్రేషన్ రెన్యువల్‌కి తీసుకెళ్లినప్పుడు ఇవీ చూస్తారు.

ఇప్పుడు స్టీరియో. తలుపు రేకు పలచన, స్పీకర్ వెనక డ్యాంపింగ్ షీటు అంటిస్తే గలగల తగ్గుతుంది. ప్లస్ తీగ బ్యాటరీ నుంచి విడిగా, సొంత ఫ్యూజుతో లాగండి. లైట్ల రిలేలోంచి మాత్రం తీయొద్దు.