పర్యావరణ ప్రజాభిప్రాయ సేకరణ: ఊరు ఎలా సిద్ధం కావాలి

గనికో, సిమెంటు ఫ్యాక్టరీకో, థర్మల్ కేంద్రానికో పర్యావరణ అనుమతి ఇచ్చే ముందు చుట్టుపక్కల జనం మాట వినాలని 2006 సెప్టెంబరు 14 నాటి ఈఐఏ (పర్యావరణ ప్రభావ అంచనా) నోటిఫికేషన్ చెబుతోంది. చిన్న ప్రాజెక్టులు కొన్నింటికి మినహాయింపు ఉంది. అందుకు పెట్టే బహిరంగ సభలో ఓటింగ్ ఉండదు. ఎంతమంది వద్దన్నారన్న లెక్క మీద అనుమతి ఆగదు. సభలో ఏం నమోదైందో అదే అనుమతిని పరిశీలించే నిపుణుల కమిటీ ముందుకు, ఆ తర్వాత కావాలంటే పర్యావరణ కేసులు వినే జాతీయ హరిత ట్రిబ్యునల్ ముందుకు పోతుంది. అందుకే నినాదాలకు పెట్టే శ్రమలో సగమైనా కాగితాలకు పెట్టాలి.

ప్రకటన వచ్చిన రోజు నుంచి సభకు కనీసం 30 రోజుల గడువుండాలి. ఒక జాతీయ దినపత్రికలోనూ, ఒక ప్రాంతీయ భాషా దినపత్రికలోనూ అది రావాలి. పత్రికలు చేరని చోట దండోరా వేయించాలి. పేపరు పేరూ తేదీ కనిపించేలా ఆ పేజీలు మొత్తంగా దాచండి. గడువు ఒక్కరోజు తగ్గినా సభకు ముందే కలెక్టరుకూ కాలుష్య నియంత్రణ మండలికీ రాసివ్వండి. అంతా అయిపోయాక లేవనెత్తితే అంత బలం ఉండదు.

నివేదిక చేతికి రావాలి

మొదటి వారం పని ఇదే. ముసాయిదా ఈఐఏ నివేదిక కలెక్టరేట్‌లో, జిల్లా పరిషత్‌లో, జిల్లా పరిశ్రమల కేంద్రంలో, సంబంధిత పంచాయతీ లేదా మున్సిపాలిటీలో, కాలుష్య నియంత్రణ మండలిలో చూసుకోవడానికి ఉండాలి. పంచాయతీలో లేకపోతే ఆ రోజే కార్యదర్శికి దరఖాస్తు ఇచ్చి, మీ కాపీ మీద ఇన్‌వార్డు నంబరు, ముద్ర వేయించుకోండి. నోటిమాటగా అడిగితే రేపు సాక్ష్యం ఉండదు.

తెలుగు సంక్షిప్త నివేదికతో సరిపెట్టుకోవద్దు. నోటిఫికేషన్ ప్రకారం అది పది ఏ4 పేజీలు దాటకూడదు. వందల పేజీల అసలు నివేదికలో ఊరికి పనికొచ్చే విషయాలు అందులో పట్టవు. ఇంగ్లిషు నివేదికను అధ్యాయాల వారీగా చదువుకున్న పిల్లలకు పంచండి. ముందుగా టర్మ్స్ ఆఫ్ రిఫరెన్స్, అంటే ఏమేం అధ్యయనం చేయాలో అధికారులు ఇచ్చిన జాబితా చూడాలి. అందులో అడిగినదానికి నివేదికలో జవాబు ఏ పేజీలో ఉందో పక్కనే రాసుకుంటూ పొండి. ఖాళీగా మిగిలినవే మీ మొదటి అభ్యంతరాలు.

తర్వాత భూమి వినియోగ పటం. ఎక్కువ తప్పులు దొరికేది ఇక్కడే. శ్రీకాకుళం జిల్లా సోంపేటలో థర్మల్ కేంద్రానికి ఎంచుకున్న బీల నేలను కాగితాల్లో పనికిరాని బీడుగా చూపారు. నిజానికి అది వరికి నీళ్లు, మత్స్యకారులకు చేపలు, పశువులకు మేత ఇచ్చే చిత్తడి నేల. 2010 జులై 14న అక్కడ పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. అదే రోజు, ఇలాంటి అనుమతులపై అప్పట్లో అప్పీళ్లు వినే జాతీయ పర్యావరణ అప్పిలేట్ అథారిటీ ఆ అనుమతిని రద్దు చేసింది. నేల స్వభావాన్ని కాగితం మీద మార్చేస్తే మిగతా లెక్కలన్నీ దాని వెనకే తప్పుతాయి. అందుకే మేత పోరంబోకు, చెరువు శిఖం, వాగు, కుంట, శ్మశానం అన్నీ పటంలో ఉన్నాయో లేదో ఒక్కొక్కటిగా సరిచూడాలి.

గాలి, నీటి నమూనాలు ఎక్కడ, ఏ నెలల్లో తీశారో చూడండి. వర్షాకాలం వదిలేసి తీసిన లెక్కల్లో వాగు ఎండిపోయినట్టే కనిపిస్తుంది. దుమ్ము కొట్టుకొచ్చే దిక్కున ఉన్న ఊరిని వదిలి, గాలికి ఎదురు దిక్కున పరికరం పెడితే అంకెలు బాగానే ఉంటాయి. నమూనాల వివరాలు మూడేళ్లకు మించి పాతవైతే అదొక్కటే బలమైన అభ్యంతరం.

లెక్కలోకి రానివాళ్లు

నివేదికలో నష్టపోయేవాళ్లంటే తరచూ పట్టాదారులే. కౌలు రైతు, కూలి, గొర్రెల కాపరి, వల వేసుకునేవాళ్లు, కట్టెపుల్లలు ఏరుకునే ఆడవాళ్లు, వీళ్ల పేరిట భూమి కాగితం ఉండదు కాబట్టి పేరు కూడా ఉండదు. వీళ్లను నమోదు చేయకుండా వెళ్తే ఊరు మాట్లాడినట్టు కాదు, భూస్వాములు మాట్లాడినట్టు. ఒక నోటుపుస్తకంలో వాడవాడకూ పేజీ కేటాయించండి. ఎన్ని కుటుంబాలు, ఏ నేల మీద ఏ నెలల్లో ఏ పని, ఏ బావి లేదా బోరు నీళ్లు, దాని లోతు ఎంత, వేసవిలో ఏ నెలకు ఎండుతుంది అన్నవి రాసుకోండి. తేదీ, లొకేషన్ పడే ఫొటో కూడా తీసి పెట్టుకోండి. ప్రాజెక్టు సరిహద్దు నుంచి దూరాన్ని ఊరి నడిబొడ్డుకు కొలిచారా, చివరి కాలనీకి కొలిచారా అన్నది కూడా చూడాలి. చాలా ఊళ్లలో చివరన ఉండేది దళితవాడే.

అడవి భూమి ఉంటే అటవీ హక్కుల చట్టం కింద గ్రామసభ విషయం వేరుగా చూడాలి. ఒడిశాలోని నియమగిరి కొండల్లో, గ్రామసభలే తేల్చాలన్న సుప్రీంకోర్టు తీర్పు తర్వాత 2013లో 12 గ్రామసభలు జరిగాయి. అన్నీ బాక్సైట్ తవ్వకాన్ని తిరస్కరించాయి.

అభ్యంతరం రాసే తీరు

ఒక కాగితానికి ఒకే అంశం. నివేదికలో ఏ పేజీలో ఏముంది, వాస్తవం ఏమిటి, దానికి ఆధారం ఏమిటి, మీరు అడిగేదేమిటి, ఈ వరుసలో రాయాలి. 'మా నీళ్లు పాడవుతాయి' అంటే ఒక్క మాటతో కొట్టేస్తారు. 'ఫలానా పేజీలో 2 కిలోమీటర్ల లోపు తాగునీటి బోర్లు లేవని ఉంది. ఉత్తరపు వాడలో మూడు ఉన్నాయి, ఫొటోలు జతచేశాం. భూగర్భజల అధ్యయనం మళ్లీ చేయించాలి' అంటే జవాబు చెప్పక తప్పదు. ఒకే నమూనా మీద 500 సంతకాలు పెట్టించినా అది ఒక్క అంశమే. సభకు రాలేనివాళ్లు కూడా రాతపూర్వకంగా పంపవచ్చు.

సభ రోజు

కలెక్టరు లేదా అదనపు జిల్లా మేజిస్ట్రేట్ హోదాకు తగ్గని అధికారి అధ్యక్షత వహించాలి. మొత్తం వీడియో తీయాలి. సభకు కోరం, అంటే కనీసం ఇంతమంది ఉండాలన్న నియమం, లేదు. కాబట్టి బహిష్కరించి వచ్చేస్తే సభ ఆగదు, మీ మాట లేకుండానే ముగుస్తుంది. కోపం ఎంత న్యాయమైనదైనా లోపల ఉండే మాట్లాడండి.

మైకు ముందు పేరు, ఊరు చెప్పి, ఒక్కొక్కరు ఒక్కో అంశం తీసుకోండి. సందేహాలు అడిగే హక్కు వచ్చిన ప్రతి ఒక్కరికీ ఉంది కనుక, 'దీనికి జవాబు మినిట్స్‌లో రావాలి' అని పట్టుబట్టండి. మినిట్స్ అంటే సభలో జరిగినదాని అధికారిక నమోదు. ఆడవాళ్లను, కూలీలను మొదటి గంటలోనే మాట్లాడనివ్వండి. సాయంత్రమయ్యేసరికి వాళ్లు ఇళ్లకు వెళ్లిపోక తప్పదు. చదివిన కాగితం అక్కడే అందించి రసీదు తీసుకోండి.

అసలు ఘట్టం చివర్లో ఉంది. సభ సారాంశాన్ని తెలుగులో చదివి వినిపించాలి, కలెక్టరు లేదా ఆయన తరఫున అధ్యక్షత వహించిన అధికారి అదే రోజు సంతకం చేయాలి. ఆ వేళకు పందిరి ఖాళీ అయిపోతే 'కొందరు కాలుష్యంపై ఆందోళన వ్యక్తం చేశారు' అన్న ఒక్క వాక్యంలో రోజంతా ముగుస్తుంది. కనీసం పదిమంది, అంశాల జాబితా చేతిలో పట్టుకుని, ఆఖరిదాకా ఉండాలి. ఏదైనా వదిలేస్తే అక్కడే చెప్పి చేర్పించాలి.

ఆ తర్వాత

మినిట్స్ పంచాయతీ కార్యాలయంలోనూ, కాలుష్య నియంత్రణ మండలి వెబ్‌సైట్‌లోనూ పెట్టాలి. మీ కాపీలతో పోల్చి తేడాలుంటే వెంటనే రాయండి. తుది నివేదికలో మీ ప్రతి అంశానికీ కంపెనీ జవాబు ఉండాలి. ఫైలు ఎక్కడిదాకా వచ్చిందో పర్యావరణ అనుమతుల కోసం కేంద్రం నడిపే పరివేష్ పోర్టల్‌లో వారానికోసారి చూసే బాధ్యత ఒకరికి అప్పగించండి. అనుమతి వచ్చేస్తే, ఆ సంగతి వెల్లడైన నాటి నుంచి 30 రోజుల్లో జాతీయ హరిత ట్రిబ్యునల్‌లో అప్పీలు వేయాలి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణలకు అది చెన్నైలోని దక్షిణ బెంచి. తగిన కారణం చూపితే మరో 60 రోజుల వరకు అనుమతిస్తారు. ఆపైన ఎంత బలమైన ఆధారమున్నా అప్పీలు తీసుకోరు.