వానలు మొదలయ్యేలోపే పాత ఎస్‌యూవీ ఛార్జింగ్ చూసుకోండి

పదేళ్లు దాటిన ఎస్‌యూవీ ఎండాకాలమంతా ఏ ఇబ్బందీ పెట్టకుండా తిరిగి, మొదటి పెద్దవాన రాత్రి నడిరోడ్డు మీద ఆగిపోతుంది. ఇందులో వింతేమీ లేదు. ఎండ వేడికి బ్యాటరీ లోపల ప్లేట్లు దెబ్బతింటాయి, కానీ ఆ సంగతి వెంటనే తెలియదు. వాన రాత్రి హెడ్‌లైట్ల జత 8, 9 ఆంపియర్లు లాగుతుంది. అద్దం మీద ఆవిరి పోవడానికి బ్లోవర్ ఫుల్‌లో పెడితే ఇంకో 15 దాకా, వెనక అద్దం డీఫాగర్ ఉంటే మరో 10 పైన. వైపర్లు, రేడియేటర్ ఫ్యాన్ వీటికి అదనం. పైగా ట్రాఫిక్‌లో బండి ఐడ్లింగ్‌లోనే ఉంటుంది. ఇంజిన్ తిప్పితే కరెంటు తయారుచేసే ఆల్టర్నేటర్ (వాడుకలో డైనమో) మీద ఎన్ని ఆంపియర్లని రాసి ఉన్నా, ఐడ్లింగ్‌లో అందులో కొంత భాగమే ఇస్తుంది. లోటును బ్యాటరీ భరించాలి. అది అప్పటికే నీరసంగా ఉంటే అక్కడితో సరి.

ఇలాంటప్పుడు చాలామంది ముందు కొత్త బ్యాటరీ వేయిస్తారు. అది నెలలో డౌన్ అయితే డైనమో మారుస్తారు. అదీ కుదరకపోతే వైరింగ్ మొత్తం పీకించాలనే మాట వస్తుంది. నేను గట్టిగా చెప్పేది ఒక్కటే: మీటర్ పెట్టి కొలవకుండా ఏ పార్టూ కొనకండి. పాత బండిలో తప్పు బ్యాటరీదీ డైనమోదీ కాకుండా వాటి మధ్య ఉన్న వైర్లది, బోల్టులది, ఎర్త్‌ది (నెగెటివ్‌ను బండి బాడీకి, ఇంజిన్‌కు కలిపే కనెక్షన్) అయ్యే అవకాశం చాలా ఎక్కువ. మామూలు డిజిటల్ మల్టీమీటర్, ఒక ఖాళీ పూట, కీ తిప్పడానికి తోడు ఒక మనిషి ఉంటే సగం సంగతి ఇంట్లోనే తేలిపోతుంది.

మొదట ఒంటికి సంబంధించిన జాగ్రత్తలు. వీటిని దాటవేయొద్దు. ఛార్జ్ అవుతున్న బ్యాటరీ నుంచి హైడ్రోజన్ గ్యాస్ వస్తుంది, చిన్న నిప్పురవ్వ చాలు అది పేలడానికి. దగ్గర సిగరెట్ వద్దు, కళ్లకు అద్దాలు పెట్టుకోండి. ఉంగరం, గడియారం, చేతి గొలుసు తీసి పక్కన పెట్టండి. 12 వోల్టులకు షాక్ కొట్టదు, నిజమే. కానీ పాజిటివ్‌కీ బాడీకీ మధ్య ఉంగరం పడితే వందల ఆంపియర్లు దాని గుండానే పారి, వేలు కాలిపోతుంది. బ్యాటరీ విప్పేటప్పుడు ముందు నెగెటివ్, బిగించేటప్పుడు చివర నెగెటివ్. ఆల్టర్నేటర్ వెనక ఉండే లావు వైరుకు కీ ఆపేసినా కరెంటు ఉంటుంది, కాబట్టి దాని మీద స్పానర్ పెట్టే ముందు బ్యాటరీ నెగెటివ్ తప్పక తీసేయాలి. ఎయిర్‌బ్యాగ్ వైర్లకు సాధారణంగా పసుపు కనెక్టర్లు ఉంటాయి, వాటిలో మీటర్ పిన్ను గుచ్చకండి.

ఇంకో మాట. ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ వైరు పీకి, బండి ఆగకపోతే డైనమో బాగున్నట్టే అనే పరీక్షను ఎవరు చేయబోయినా ఆపండి. వైరు ఊడిన క్షణంలో వోల్టేజ్ ఒక్కసారిగా అనేక రెట్లు ఎగసి ఆల్టర్నేటర్ లోపల కరెంటును ఒకే వైపు పోనిచ్చే డయోడ్లను, వోల్టేజ్‌ను అదుపులో ఉంచే రెగ్యులేటర్‌ను, ఇంజిన్‌ను నడిపించే కంప్యూటర్ అయిన ఈసీయూను పోగొట్టగలదు. వైరు పీకి కనిపెట్టాలనుకున్న సంగతి మీటర్ ఏ నష్టమూ లేకుండా చెబుతుంది.

ఇక కొలతలు. రాత్రంతా ఆగి ఉన్న బండికి ఉదయాన్నే, కీ పెట్టకముందే బ్యాటరీ చూడండి. 12.6 వోల్టులు ఉంటే నిండుగా ఉన్నట్టు. 12.4 అంటే సుమారు ముప్పావు, 12.2 అంటే సగం, 12కి వచ్చిందంటే పావు వంతే మిగిలింది. అప్పుడే బండి నడిపి ఆపినట్టయితే ఈ అంకెను నమ్మొద్దు, అది కాసేపు ఎక్కువే చూపిస్తుంది. తర్వాత తోడు ఉన్న మనిషి సెల్ఫ్ కొడుతుండగా మీటర్ చూడండి. మరీ చలి లేని రోజున 9.6 కంటే దిగకూడదు. నిండా ఛార్జ్ చేసిన బ్యాటరీ కూడా అంతకంటే కిందికి పడిపోతుంటే దాని పని అయిపోయింది, లేదా స్టార్టర్ అతిగా లాగుతోంది. నీళ్లు పోసే రకమైతే ప్లేట్లు మునిగేలా డిస్టిల్డ్ వాటర్ మాత్రమే పోయండి.

ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ మీద 13.8 నుంచి 14.5 మధ్య కనిపించాలి. హెడ్‌లైట్లు, బ్లోవర్ వేసి, యాక్సిలరేటర్ కొంచెం తొక్కి పట్టినా 13.5కి తగ్గకపోతే ఛార్జింగ్ ఫర్వాలేదు. 15 దాటిందంటే రెగ్యులేటర్ పోయినట్టే, లేదా అది వోల్టేజ్‌ను చూసుకునే వైరు ఎక్కడో తెగింది. ఎక్కువ ఛార్జింగ్‌ను మాత్రం నిర్లక్ష్యం చేయొద్దు. నీళ్లు ఆవిరైపోతాయి, బ్యాటరీ ఉబ్బుతుంది, బల్బులు వరసగా పోతాయి.

12.5 దగ్గరే ఉండిపోతే డైనమో పోయిందని అప్పుడే తీర్మానించకండి. కీ ఆన్ చేసి, ఇంజిన్ స్టార్ట్ చేయకుండా డ్యాష్‌బోర్డులో ఎర్ర బ్యాటరీ లైటు వెలుగుతోందా చూడండి. పాత డిజైన్లలో ఈ బల్బు గుండా వెళ్లే చిన్న కరెంటే ఆల్టర్నేటర్ పని మొదలుపెట్టడానికి ఆధారం. బల్బు మాడిపోయినా, ఆ సన్న వైరు తెగినా, డైనమో పూర్తిగా బాగున్నా ఛార్జింగ్ మొదలు కాకపోవచ్చు. లైటు ఆరిందంటే ఛార్జింగ్ సరిపడా ఉందని అర్థం కాదు, అది కూడా గుర్తుంచుకోవాలి. ఆ తర్వాత డైనమోను తిప్పే బెల్ట్. ఇంజిన్ ఆపి, పక్కలు నున్నగా మెరుస్తున్నాయా, పగుళ్లున్నాయా, వదులైందా చూడండి. తడిసినప్పుడు కీచుమంటే అది జారుతోంది. డైనమో లోపలి కార్బన్ బ్రష్‌లు అరిగినా ఛార్జింగ్ ఒకసారి వచ్చి ఒకసారి పోతుంటుంది, దానికి డైనమో మొత్తం మార్చక్కర్లేదు.

ఇప్పుడు నాకు అన్నింటికంటే ముఖ్యమనిపించే పరీక్ష, ఎవరూ చేయని పరీక్ష. అదే వోల్టేజ్ డ్రాప్, అంటే కరెంటు వెళ్లే దారిలో ఎంత వోల్టేజ్ పోతోందో చూడటం. తుప్పు పట్టిన ఒక జాయింటులో 0.01 ఓం అడ్డంకి ఉందనుకోండి. మామూలు మీటర్‌ను ఓం మీద పెడితే అది కనిపించనే కనిపించదు, వైరు బాగున్నట్టే చూపిస్తుంది. అదే జాయింటు గుండా 50 ఆంపియర్లు వెళ్తే అర వోల్టు పోతుంది. సెల్ఫ్ కొట్టేటప్పుడు 200 ఆంపియర్లు వెళ్తే 2 వోల్టులు పోతాయి. అందుకే కరెంటు పారుతున్నప్పుడే కొలవాలి. ఇంజిన్‌ను ఐడ్లింగ్ కంటే కాస్త పైన ఉంచి, లైట్లు, బ్లోవర్ వేయండి. మీటర్ ఎర్ర పిన్ను ఆల్టర్నేటర్ లావు వైరు బోల్టు మీద, నల్ల పిన్ను బ్యాటరీ పాజిటివ్ మీద. 0.2 వోల్టు, మహా అయితే 0.3 చూపించాలి. అంతకు మించితే ఆ దారిలో ఎక్కడో తేడా ఉంది: బోల్టు, ఫ్యూజిబుల్ లింక్ (లావు వైరులో ఫ్యూజులా పనిచేసే ముక్క), లేదా లోపల పచ్చబడిన రాగి. తర్వాత ఎర్ర పిన్ను ఆల్టర్నేటర్ బాడీ మీద, నల్లది బ్యాటరీ నెగెటివ్ మీద పెట్టండి. ఇక్కడ 0.2 కూడా దాటకూడదు. పిన్నును బ్యాటరీ కేబుల్ చివరి క్లాంపు మీద కాకుండా దాని మధ్యలో ఉన్న సీసపు పోస్టు మీదే ఆనించండి. లేకపోతే క్లాంపుకీ పోస్టుకీ మధ్య ఉన్న తుప్పు లెక్కలోకి రాదు, చాలాసార్లు దొంగ అక్కడే ఉంటాడు. పిన్నులు, చొక్కా చేతులు ఫ్యాన్‌కీ బెల్ట్‌కీ దూరంగా ఉండాలి.

ఇంజిన్‌కీ ఛాసిస్‌కీ మధ్య ఉండే ఎర్త్ పట్టీని ప్రత్యేకంగా చూడండి. మట్టి, బురద తగిలే చోట ఉంటుంది కాబట్టి పాత ఎస్‌యూవీల్లో ఇది పైకి బాగానే కనిపిస్తూ బోల్టు కింద తుప్పు పట్టి ఉంటుంది. ఇండికేటర్ వేస్తే డ్యాష్‌బోర్డు లైట్లు దాంతోపాటు మినుకుమనడం, బ్రేక్ తొక్కితే వేరే లైటు సన్నగా వెలగడం, సెల్ఫ్ కొడితే టక్‌మని ఊరుకోవడం, ఇవన్నీ ఎర్త్ సరిగా లేదనే లక్షణాలు కావచ్చు. విప్పి, కింద ఉన్న పెయింటు, తుప్పు గీకి, మెరిసే ఇనుము మీద బిగించి, పైన పెట్రోలియం జెల్లీ పూయండి. వానల ముందు ఒక్క పనికే సమయం ఉందంటే నేను ఇదే చేయమంటాను.

రెండు మూడు రోజులు ఆపితే డౌన్ అయ్యే బండిది వేరే కథ. అన్నీ ఆపేసి, తలుపులు మూసి, అరగంట ఆగాక నెగెటివ్ కేబుల్ ఊడదీసి, పోస్టుకీ ఆ కేబుల్‌కీ మధ్య మీటర్‌ను 10 ఆంపియర్ల సాకెట్‌లో పెట్టి చూడండి. ఆ సమయంలో కీ తిప్పితే మీటర్ ఫ్యూజు పోతుంది. 50 మిల్లీ ఆంపియర్ల లోపు ఉంటే మామూలే. 400 ఉందంటే, 60 ఆంపియర్ అవర్ బ్యాటరీ మూడు రోజుల్లో సగమవుతుంది. ఫ్యూజులు ఒక్కొక్కటీ తీస్తూ ఏది తీసినప్పుడు అంకె పడిపోతుందో చూడండి. ఏ ఫ్యూజు తీసినా తగ్గకపోతే ఆల్టర్నేటర్ డయోడ్ లీక్ అయి ఉండొచ్చు. దాన్ని ఇంకో రకంగానూ పట్టుకోవచ్చు: ఇంజిన్ నడుస్తుండగా మీటర్‌ను ఏసీ వోల్టుల మీద పెట్టి బ్యాటరీ దగ్గర కొలిస్తే అర వోల్టు కంటే ఎక్కువ వస్తుంది.

తర్వాత బిగించిన ఫాగ్ లైట్లు, యాంప్లిఫయర్, రిమోట్ లాక్ వైర్లను నేను ఎప్పుడూ అనుమానంగానే చూస్తాను. ప్రతి దానికీ బ్యాటరీ దగ్గరే ఫ్యూజు ఉండాలి, పెద్ద లైట్లకు రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును వేసే స్విచ్) ఉండాలి. మెలితిప్పి టేపు చుట్టిన జాయింట్లలోకి నీళ్లు దిగుతాయి. ఫ్యూజు మాటిమాటికీ పోతోందని 15 ఉన్నచోట 30 వేయకండి. అప్పుడు ఫ్యూజు బదులు వైరు కాలుతుంది.

దారిలో ఉండగా ఎర్ర బ్యాటరీ లైటు వెలిగితే ముందు టెంపరేచర్ మీటర్ చూడండి. అదే బెల్ట్ వాటర్ పంపును కూడా తిప్పుతుంటే, తెగాక ఇంజిన్ వేడెక్కడానికి ఎక్కువసేపు పట్టదు. కొన్ని పాత డీజిల్ బండ్లలో బ్రేకులకు వాక్యూమ్ ఇచ్చే పంపు ఆల్టర్నేటర్ వెనకే ఉంటుంది. అలాంటి బండిలో బెల్ట్ తెగితే రెండు మూడుసార్లు తొక్కాక బ్రేక్ పెడల్ బాగా గట్టిపడుతుంది. మీ బండిది ఏ రకమో ఇప్పుడే బానెట్ ఎత్తి చూసుకోండి. బెల్ట్ ఉండి, వేడి మామూలుగా ఉంటే ఏసీ, బ్లోవర్, మ్యూజిక్ ఆపేసి, ఇంజిన్ మాత్రం ఆపకుండా దగ్గర్లోని సురక్షితమైన చోటికి చేరండి. హెడ్‌లైట్లు ఆపొద్దు. 70 ఆంపియర్ అవర్ బ్యాటరీ మీద 25 ఆంపియర్లు లాగితే లెక్కకు మూడు గంటల లోపే వస్తుంది, పాత బ్యాటరీతో అంతకంటే బాగా తక్కువ. చేరాక ఆ ఖాళీ బ్యాటరీని ఛార్జర్‌తో నింపించి, ఆ తర్వాతే బండికి తగిలించండి. పూర్తిగా డౌన్ అయిన బ్యాటరీని నింపే పని డైనమో మీద వేస్తే, రిపేరు చేయించిన డైనమో కూడా వేడెక్కి మళ్లీ పోవచ్చు.