ఇంటి తోటలో తంగేడు పెంపకం
తంగేడు గింజల పైపెంకు గట్టిది కనుక, వాటిని నేరుగా విత్తితే చాలా వరకు మొలకెత్తకుండా నేలలోనే ఉండిపోతాయి. అందువల్ల ఎండిన కాయల నుంచి తీసిన గింజలను గరుకు కాగితంపై మెల్లగా రుద్ది, ఒక రాత్రి నీటిలో నానబెట్టి, ఉబ్బిన వాటినే తొలకరి తరువాత సుమారు 1 సెంటీమీటరు లోతున విత్తాలి. తల్లివేరు త్వరగా లోతుకు దిగుతుంది కాబట్టి, నారు పోసి నాటడం కన్నా మొక్క శాశ్వతంగా ఉండవలసిన చోటే విత్తడం మేలు. అక్కడ రోజంతా ఎండ తగలాలి, నీరు నిలవకూడదు. నేల అంత సారవంతం కాకపోయినా ఫరవాలేదు. వేళ్లూనిన తరువాత అతిగా నీరు పోయడమే, నా దృష్టిలో, ఈ మొక్కకు మనం చేసే పెద్ద అపకారం. పూత ముగిశాక కొమ్మలను మూడో వంతు కత్తిరిస్తే పొద గుబురుగా పెరుగుతుంది. ఆకులు తినే పచ్చని గొంగళిపురుగులు తరచుగా లేత పసుపు సీతాకోకచిలుకలుగా మారేవే కనుక మందు చల్లవద్దు.