పెన్సిల్‌తో నవల చదువుదాం – 4వ పాఠం: ‘మన ఇంటి ఆడపిల్లలు’ అన్న మాట వెంట

పోయిన పాఠంలో కథ ఎవరు చెబుతున్నారో గుర్తుపట్టడం నేర్చుకున్నాం. ‘టు కిల్ ఎ మాకింగ్‌బర్డ్’లో సంగతులన్నీ చూసింది చిన్నపిల్ల స్కౌట్, చెబుతున్నది పెద్దయిన స్కౌట్. ఆ తేడా కనిపించిన చోటల్లా మార్జిన్‌లో చిన్న గీత పెట్టమన్నాను. ఈసారీ అదే పుస్తకం, అదే పెన్సిల్. వెతకాల్సింది మాత్రం వేరు.

కొత్తగా చేరినవాళ్ళ కోసం రెండు మాటలు. హార్పర్ లీ రాసిన ఈ నవల 1960లో వచ్చింది, 1961లో పులిట్జర్ బహుమతి అందుకుంది. కథ 1930లలో, అమెరికాలోని అలబామా రాష్ట్రంలో, మేకోంబ్ అనే కల్పిత ఊళ్ళో జరుగుతుంది. స్కౌట్‌కి అమ్మ లేదు. నాన్న ఆటికస్ ఫించ్ లాయరు, అన్న జెమ్. వంటా పెంపకమూ చూసుకునేది కల్పర్నియా అనే నల్లజాతి ఆవిడ. ఒక తెల్లజాతి అమ్మాయిని బలాత్కరించాడని నేరం మోపిన టామ్ రాబిన్సన్ అనే నల్లజాతి మనిషి తరఫున ఆటికస్ వాదిస్తాడు.

చాలామంది ఈ పుస్తకాన్ని కోర్టు కథగానే చదువుతారు. నేనూ మొదటిసారి అలాగే చదివాను. రెండోసారి చదివినప్పుడు భోజనాల బల్ల దగ్గర ఆగిపోయాను. ఈ పాఠం ఆ బల్ల గురించే.

3వ అధ్యాయం తీయండి. వాల్టర్ కనింగ్‌హామ్ అనే పేద రైతు కొడుకు స్కౌట్ వాళ్ళింటికి మధ్యాహ్నం భోజనానికి వస్తాడు. కూరల మీద, మాంసం మీద ధారాళంగా పాకం పోసుకుంటాడు. స్కౌట్ ఊరుకోదు, ఇదేం పని అని అడిగేస్తుంది. కుర్రాడు సిగ్గుతో తల దించుకుంటాడు. కల్పర్నియా స్కౌట్‌ని వంటింట్లోకి పిలిచి గట్టిగా చివాట్లు పెడుతుంది. ఈ గడపలో కాలు పెట్టినవాడు ఎవడైనా అతిథే, వాళ్ళకంటే గొప్పదాన్నన్నట్టు మాట్లాడావంటే చూడు అంటుంది. చివరికి స్కౌట్‌ కంచం వంటింట్లోకి మారుతుంది.

ఇప్పుడు నేరుగా 23వ అధ్యాయానికి వెళ్ళండి. అదే ఇల్లు, అదే వాల్టర్. అతన్ని మళ్ళీ భోజనానికి పిలుస్తానని స్కౌట్ అంటే, మేనత్త అలెగ్జాండ్రా ఒప్పుకోదు. అతను పనికిమాలినవాడు అనే అర్థం వచ్చే మాటొకటి వాడుతుంది. దాన్ని తేలిగ్గానే పట్టుకుంటారు. దానికి కొంచెం ముందు ఇంకో మాట ఉంది, పెన్సిల్ దాని కింద పెట్టండి: ఫించ్‌ల ఇంటి ఆడవాళ్ళు అలాంటివాళ్ళ జోలికి పోరు.

చూశారా, ఆవిడ ‘ఫించ్‌లు’ అనలేదు. ‘ఫించ్‌ల ఇంటి ఆడవాళ్ళు’ అంది. కులగోత్రాల గర్వం, ఆడపిల్ల నడవడిక, ఎవర్ని ఇంట్లోకి రానివ్వాలన్న లెక్క, మూడూ ఒక్క వాక్యంలో ముడిపడి ఉన్నాయి. ఇలాంటి ముడిని గుర్తుపట్టడమే ఈ పాఠంలో మనం నేర్చుకునే పని.

పద్ధతి చెబుతాను. చదువుతూ ఎక్కడ ‘ఇలా ఉండాలి’, ‘ఇలా చెయ్యకూడదు’, ‘మనలాంటివాళ్ళం’ అన్న ధోరణి కనిపించినా కింద గీత గీయండి. పక్కన చిన్నగా రాసుకోండి: ఆ మాట ఎవరన్నారు, ఎవరితో అన్నారు, ఆ మాట వినకపోతే ఏం పోతుందని వాళ్ళ భయం. మూడోది రాయడం కష్టం. తొందరపడి ‘పరువు’ అని రాసేసి పేజీ తిప్పకండి. ఎవరి ముందు పరువు, ఆ నలుగురూ ఎవరు అని ఇంకో మాట రాయండి.

మన భాషలో చదివేవాళ్ళకి ఇక్కడ ఒక వీలుంది. ఇంగ్లీషులో పిన్ని, పెద్దమ్మ, అత్త అందరికీ ఒకటే మాట. మనం మాత్రం అలెగ్జాండ్రా వరస ఏమిటో చూసుకోకుండా ముందుకు పోలేం. ఆవిడ నాన్న తోబుట్టువు, అంటే మేనత్త. అన్నదమ్ముల పిల్లల మీద మేనత్తకి ఎంత చనువో, ఎంత హక్కో మనకి ఒకరు చెప్పక్కర్లేదు. స్కౌట్ ప్యాంటు వేసుకుని తిరగడం ఆవిడకి ఎందుకంత పట్టింపో చప్పున అర్థమవుతుంది. అలా అని ఆవిణ్ణి మన మేనత్తని చేసేయకూడదు. ఆవిడ బెంగ 1930ల అలబామాలో ఒక తెల్లజాతి కుటుంబం బెంగ. దాని వెనక బానిసత్వపు రోజుల పొలాలున్నాయి.

జెమ్ మాటలకీ గీత పెట్టండి, ఎందుకంటే అవి కథతో పాటు మారతాయి. మొదటి అధ్యాయాల్లో చెల్లెలు భయపడితే ‘ఆడపిల్లలా తయారవుతున్నావు’ అని వెక్కిరిస్తాడు. 12వ అధ్యాయానికి వచ్చేసరికి, ఇకనైనా ఆడపిల్లలా బుద్ధిగా ఉండు అని కసురుకుంటాడు. మొన్నటిదాకా తిట్టుగా వాడిన మాట ఇప్పుడు కట్టడి అయింది. రెండు పేజీల నంబర్లూ పక్కపక్కన రాసుకోండి.

ఇంకో చోట మీరు తప్పకుండా ఆగాలి. 12వ అధ్యాయంలోనే కల్పర్నియా పిల్లలిద్దర్నీ తన చర్చికి తీసుకెళ్తుంది. అక్కడ ఆవిడ మాటతీరు మారిపోతుంది. ఎందుకలా మాట్లాడావని స్కౌట్ అడిగితే, మావాళ్ళ మధ్య మీలా మాట్లాడితే గొప్పలు పోతున్నాననుకుంటారు అని నచ్చజెబుతుంది. ఒడిశాలోని మా పర్లాకిమిడి పిల్లలతో ఈ పేజీ చదివించినప్పుడు ఎవరికీ వివరించాల్సిన అవసరం రాలేదు. మాకు స్కూల్లో ఒడియా, ఇంట్లో తెలుగు. మహేంద్రతనయ నది దాటి ఆంధ్రలోని పాతపట్నం వెళ్తే మా తెలుగు విని ‘మీది ఒరిస్సానా’ అని అడుగుతారు. ఒక పిల్ల ఆ పేజీ మార్జిన్‌లో ‘నేను కూడా’ అని రాసుకుంది. గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పిన ఊరు మాది. సవర గిరిజనుల దగ్గర కూర్చుని వాళ్ళ భాష నేర్చుకుని, దానికి వ్యాకరణం, నిఘంటువు రాశారాయన. ఆ పేరు చెప్పుకుని గర్వపడే మా ఇళ్ళల్లోనే జరిగిన ఒక సంగతి మీకు చెప్పాలి.

మా అమ్మమ్మగారి వీధరుగు పక్క గూట్లో ఒక సత్తు గ్లాసు బోర్లించి ఉండేది. కొండ మీంచి చింతపండు, చీపుర్లు తెచ్చే సవర ఆవిడకి మంచినీళ్ళు అందులోనే. అమ్మమ్మ ఆవిణ్ణి కసిరిన రోజు నాకు గుర్తులేదు. ‘ఎండన పడి వచ్చావు, కూచో అమ్మా’ అనేది, కడుపునిండా అన్నం పెట్టేది. ఓ వేసవిలో దాహమేసి నేను ఆ గ్లాసుతోనే నీళ్ళు తాగాను. అమ్మమ్మ చేతిలోంచి లాక్కుని, ‘రేపు ఒకింటికి వెళ్ళాల్సిన ఆడపిల్లవి, ఆ మాత్రం తెలీదా’ అంది. తమ్ముడు తాగి ఉంటే ఏమనేదో కానీ, ఆ మాట మాత్రం అనేది కాదు. 23వ అధ్యాయంలో అలెగ్జాండ్రా మాట చదివినప్పుడు నాకు ఆ గ్లాసు అంచు మీది సొట్ట కూడా గుర్తొచ్చింది.

అమ్మమ్మని నేను ఇప్పటికీ ప్రేమిస్తాను. అందుకే అలెగ్జాండ్రాని చెడ్డదని కొట్టిపారేయకండి. 24వ అధ్యాయంలో, ఇంట్లో ఆడవాళ్ళ తేనీటి విందు జరుగుతుండగా టామ్ చనిపోయాడన్న కబురు వస్తుంది. వంటింట్లో ఆవిడ కుప్పకూలినట్టు కూర్చుంటుంది. కాసేపటికి లేచి, సర్దుకుని, మళ్ళీ అతిథుల మధ్యకి వెళ్తుంది. అది చూసి స్కౌట్ కూడా బిస్కట్ల పళ్ళెం పట్టుకుని వెనకాలే వెళ్తుంది. ఆ పిల్ల మేనత్త నుంచి ఇష్టంగా నేర్చుకున్నది అక్కడే మనం చూస్తాం. ఆ విందులోనే ఆడవాళ్ళు ఎక్కడో దూరదేశపు జనం కష్టాలకి జాలిపడుతూ, తమ ఇళ్ళల్లో పనిచేసే నల్లవాళ్ళు ముఖం ముడుచుకున్నారని విసుక్కుంటారు. రెండూ ఒకే గదిలో జరుగుతున్నాయి, రెండింటికీ గీత పెట్టండి.

కోర్టు గురించి క్లుప్తంగా చెబుతాను. నేరం మోపిన మాయెల్లాని తండ్రే కొడతాడు. బయట మాత్రం ఆమె ‘తెల్ల ఆడపిల్ల’, ఊరంతా ఆమె మానానికి కాపలా. ఆమె మీద జాలిపడ్డానని టామ్ అన్న ఒక్క మాటే అతనికి చేటు తెచ్చింది. నల్లవాడు తెల్ల అమ్మాయి మీద జాలిపడటమేమిటని తెల్లవాళ్ళ కోపం. తీర్పు చెప్పే పౌరుల బృందం, అంటే ఆ జ్యూరీలో, ఒక్క ఆడమనిషి లేదు. అప్పటి అలబామా చట్టం ఒప్పుకోదు.

ఈ పుస్తకంలో నాకు కొరతగా తోచేది ఒకటుంది. కల్పర్నియా తన ఇంట్లో ఎలా ఉంటుందో మనకి తెలీదు. చూడ్డానికి వస్తానని స్కౌట్ అడుగుతుంది, మేనత్త వద్దంటుంది, కథ కూడా అక్కడికి వెళ్ళదు.

వచ్చే పాఠానికి మీ పని అదే. 3వ అధ్యాయంలో పాకం సంఘటనని కల్పర్నియా వైపు నుంచి ఒక పేజీ రాయండి. స్కౌట్‌ని తిట్టి, తిన్నాక బయటికి పంపేశాక, వంటింట్లో ఆవిడ ఒక్కతే ఉన్న అయిదు నిమిషాలు చాలు. ‘ఉండాలి’, ‘కూడదు’ అన్న మాటలు ఎన్ని వచ్చాయో లెక్కపెట్టి, పేజీ కింద రాయండి.