ముక్కు ట్యూబు పరీక్షకు వచ్చేముందు

గుండెల్లో మంట, పులితేన్పులు నెలల తరబడి తగ్గకపోతే డాక్టరు ముందు ఎండోస్కోపీ చేయిస్తారు. అందులో అన్నవాహికలో తీవ్రమైన పుండు కనిపిస్తే చాలావరకు విషయం తేలిపోతుంది. ఏమీ కనిపించకపోయినా మంట పోనప్పుడు, లేదా కడుపులోని ఆమ్లం అన్నవాహికలోకి ఎగదన్నే రిఫ్లక్స్‌కు ఆపరేషన్ ఆలోచిస్తున్నప్పుడు మనోమెట్రీ (మింగేటప్పుడు అన్నవాహిక కండరాలు ఎలా పనిచేస్తున్నాయో చూసేది), 24 గంటల పీహెచ్ పరీక్ష (ఆమ్లం ఎంతసేపు పైకి వస్తోందో చూసేది) రాస్తారు. నేను హైదరాబాద్‌లో ఈ రెండు పరీక్షలూ చేసే టెక్నీషియన్‌ని. చీటీ పట్టుకుని మా గదికి వచ్చేవాళ్ల మొహాల్లో భయం రోజూ చూస్తాను. ఏం జరుగుతుందో ముందే తెలిస్తే ఆ టెన్షన్ సగం తగ్గుతుంది, రిపోర్టూ సరిగ్గా వస్తుంది.

మొదట మందుల సంగతి. పాంటాప్రజోల్, రాబెప్రజోల్ లాంటి పరగడుపు బిళ్లలు మామూలుగా వారం ముందు ఆపమంటారు. జెలుసిల్ లాంటి సిరప్‌లు ముందురోజు నుంచి ఆపాలి. కానీ రిఫ్లక్స్ ఉందని ఇదివరకే తేలినవాళ్లకు, మందు వాడుతున్నా ఎందుకు తగ్గట్లేదో చూడాలంటే, మందు వేసుకుంటూనే పీహెచ్ చేస్తారు. అందుకని చీటీ రాయించుకునేటప్పుడే "ఆపి రావాలా, వేసుకుని రావాలా?" అని అడగండి. బీపీ, గుండె, నొప్పి మందుల్లో కొన్ని అన్నవాహిక కండరాల మీద కూడా పనిచేస్తాయి. వాడేవన్నీ డాక్టరుకు చూపించండి, సొంతంగా మాత్రం ఏదీ ఆపొద్దు. ఆరు గంటల ముందు నుంచి ఏమీ తినకూడదు. ఇన్సులిన్ తీసుకునేవాళ్లు పొద్దున మొదటి స్లాట్ అడిగి, ఆ పూట డోసు సంగతి కనుక్కోండి.

మనోమెట్రీకి మత్తు ఇవ్వం. మీరు మింగుతుంటేనే పరీక్ష జరుగుతుంది. ముక్కులో తిమ్మిరెక్కించే జెల్లీ రాసి, సెన్సర్లున్న సన్నటి ట్యూబు మెల్లగా పంపుతాం. "గడ్డం ఛాతీకి ఆనించండి, గుక్క మింగండి" అన్నప్పుడు అలాగే చేయండి. ట్యూబు గొంతు దాటే ఆ కాసేపే కష్టం. కళ్లలో నీళ్లు వస్తాయి, వాంతి వచ్చినట్టుంటుంది. నోటితో నెమ్మదిగా గాలి పీల్చుకోండి, సర్దుకుంటుంది.

తర్వాత పడుకోబెట్టి, సిరంజితో 5 మిల్లీలీటర్ల నీళ్లు నోట్లో పోస్తాం. ఒక్కసారే మింగాలి. ఇలా పదిసార్లు. గుక్కకీ గుక్కకీ మధ్య అర నిమిషం ఉమ్మి కూడా మింగకూడదు. ఎందుకంటే మింగినదాన్ని కిందికి నెట్టే కండరాల అల ఒకటి అన్నవాహికలో పుడుతుంది, రెండోసారి మింగగానే ఆ మొదటి అల సగంలో ఆగిపోతుంది. అది మన శరీరంలో సహజమే, కానీ గ్రాఫులో కండరం బలహీనంగా ఉన్నట్టు కనిపించవచ్చు. పొరపాటున మింగితే వెంటనే చెయ్యి ఎత్తండి, ఆ గుక్క మళ్లీ చేస్తాం. మొహమాటం అక్కర్లేదు. చివర్లో కూర్చోబెట్టి మరికొన్ని గుక్కలు, ఒక గ్లాసు నీళ్లు గబగబా తాగిస్తాం.

ఈ పరీక్ష వద్దని ఆపరేషన్‌కు వెళ్లిపోదామనుకునేవాళ్లను నేను బతిమాలి మరీ ఆపుతాను. అకలేసియా అనే జబ్బులో అన్నవాహిక అడుగున ఉండే వాల్వు వదులవ్వదు. తిన్నది పైనే నిలిచి పులుస్తుంది, అదీ మంటలాగే ఉంటుంది. ఏళ్లుగా గ్యాస్ బిళ్లలు వాడి, చివరికి ముద్ద దిగక వచ్చినవాళ్లను చూశాను. అలాంటివాళ్లకు రిఫ్లక్స్ అనుకుని వాల్వు బిగించే ఆపరేషన్ చేస్తే మింగడం ఇంకా కష్టమైపోతుంది.

పీహెచ్ ట్యూబు ఇంకా సన్నం. మనోమెట్రీలో దొరికిన వాల్వుకు 5 సెంటీమీటర్ల పైన దాని సెన్సర్ ఉంచి, చెంపకు టేపు వేసి, రికార్డర్ భుజానికి తగిలించి ఇంటికి పంపుతాం. ఆ రోజు తలస్నానం, షవర్ కుదరవు, తడిగుడ్డతో ఒళ్లు తుడుచుకోండి. మిగతాదంతా రోజూలాగే గడవాలి. ఆవకాయ అన్నం తిని పడుకుంటే మంటని చెప్పిన ఒక పెద్దాయన, ట్యూబుకు భయపడి రోజంతా మజ్జిగన్నమే తిని కుర్చీలోనే నిద్రపోయారు. రిపోర్టు నార్మల్ వచ్చింది, ఆయన మంట సంగతి మాత్రం తేలలేదు. మీకు మంట తెప్పించేదే తినండి, రోజూ పడుకునేలాగే పడుకోండి, మెట్లెక్కండి, ఆఫీసుకు వెళ్లండి.

భోజనం మొదలుపెట్టినప్పుడు, ముగించినప్పుడు, పడుకున్నప్పుడు, లేచినప్పుడు, మంట వచ్చిన క్షణంలో బటన్ నొక్కి కాగితం మీద టైము రాయండి. చింతపండు పులుసు, నిమ్మరసం కూడా ఆమ్లమే కాబట్టి భోజనం టైమును లెక్కలోంచి తీసేస్తాం. అందుకే రోజంతా కొంచెం కొంచెంగా ఏదో ఒకటి నములుతూ, తాగుతూ ఉండొద్దు.

రిపోర్టులో ముందు చూడాల్సింది పీహెచ్ 4 కంటే తక్కువగా ఉన్న సమయం, అంటే ఆమ్లం పైకి వచ్చి ఉన్న సమయం, మొత్తంలో ఎంత శాతం అన్నది. మందు ఆపి చేసిన పరీక్షలో 4 శాతం లోపు నార్మల్, 6 శాతం దాటితే రిఫ్లక్స్ ఉన్నట్టే. మధ్యలో వస్తే ఎండోస్కోపీ, మనోమెట్రీ కలిపి చూసి డాక్టరు నిర్ణయిస్తారు. మీరు బటన్ నొక్కిన క్షణాలూ ఆమ్లం పైకి వచ్చిన క్షణాలూ కలుస్తున్నాయా అన్నది కూడా అందులోనే ఉంటుంది. గ్రాఫులతో సహా మొత్తం ఫైలు తీసుకువెళ్లండి.

ట్యూబు తీయడం క్షణం పని. ఒకటి రెండు రోజులు గొంతు గరగరలాడవచ్చు, ముక్కు నుంచి కాస్త రక్తపు చార రావచ్చు. రక్తపు వాంతి, తీవ్రమైన ఛాతీ నొప్పి వస్తే మాత్రం వెంటనే ఎమర్జెన్సీకి వెళ్లండి.